సంచార మందల పశు ఆరోగ్య సేవలు: మూల్యాంకనం ఎవరిని అడిగి, ఎక్కడ నిలబడి?

సామాజిక పశు ఆరోగ్య కార్యకర్తల సేవలపై వెలువడే మూల్యాంకన నివేదికలలో కొన్ని అంకెలు ఎప్పుడూ సమృద్ధిగా ఉంటాయి. ఎంతమందికి శిక్షణ ఇచ్చారు, ఎన్ని పశువులకు టీకాలు వేశారు, ఎంత విలువైన మందులు పంపిణీ చేశారు అన్నవి పట్టికలుగా కనిపిస్తాయి. మందలో మరణాలు తగ్గాయా, తగ్గితే ఏ వ్యాధి వల్ల కలిగేవి తగ్గాయి, ఆ తగ్గుదలలో కార్యకర్త పాత్ర ఎంత అన్న ప్రశ్నలకు సమాధానం మాత్రం అరుదు. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మొదటి రకం అంకెలు కార్యాలయపు రిజిస్టరులో దొరుకుతాయి. రెండవ రకం సమాచారం మంద దగ్గరకు వెళితే తప్ప దొరకదు. సంచార పశుపోషకుల విషయంలో మంద దగ్గరకు వెళ్లడమే అసలైన కష్టం. అయినప్పటికీ, సేవలందించే సంస్థ వైపు నుండి కాక మంద వైపు నుండి, అది ఏడాది పొడవునా ఎక్కడెక్కడ తిరుగుతుందో అక్కడ కొలవని మూల్యాంకనం విధాన నిర్ణయాలకు ఆధారం కాజాలదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ సేవలకు ప్రపంచవ్యాప్తంగా గుర్తింపు తెచ్చిన అనుభవం ఆఫ్రికా కొమ్ము ప్రాంతానిది. ముసర వ్యాధి, అనగా రిండర్‌పెస్ట్, నిర్మూలనకు అక్కడ ఎదురైన అవరోధం టీకా లేకపోవడం కాదు, టీకాను చల్లగా ఉంచి మందల దాకా చేర్చలేకపోవడం. రోడ్లు, విద్యుత్తు లేని ఎడారి మైదానాలలో, అంతర్యుద్ధాల నడుమ, ప్రభుత్వ పశువైద్యులు వెళ్లలేని చోట్ల వ్యాధి నిలిచిపోయింది. జెఫ్రీ మారినర్ బృందం రూపొందించిన, వేడిని తట్టుకొనే టీకా సుమారు నెల రోజులపాటు శీతల సదుపాయం లేకుండా నిలవగలగడంతో పరిస్థితి మారింది. ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో 1994లో పశుపోషకుల నుండే ఎంపికై శిక్షణ పొందిన 20 మంది కార్యకర్తలు ఒకే కాలంలో సుమారు 73,000 పశువులకు టీకాలు వేయగా, రక్త పరీక్షలలో 83 శాతం మేరకు రక్షణ ఏర్పడినట్లు తేలింది. 1995 తరువాత అక్కడ ఆ వ్యాధి ప్రబలలేదు. దక్షిణ సూడాన్‌లో 1989 నుండి 1992 వరకు ఏటా సుమారు 1,40,000 పశువులకు మాత్రమే టీకాలు వేయగలుగుతుండగా, సామాజిక కార్యకర్తల పద్ధతి ప్రవేశించిన 1993లో ఆ సంఖ్య దాదాపు 15 లక్షలకు చేరింది. అదే ఏడాది 11గా నమోదైన వ్యాధి ప్రకోపాలు 1997 నాటికి ఒకటికి తగ్గాయి. 2011లో ప్రపంచం ముసర వ్యాధి నుండి విముక్తమైనట్లు ప్రకటించినప్పుడు, ఆ చివరి అంగలో చదువురాని పశుపోషకుల చేతి పని ఎంతో ఉంది. భారతదేశం వేరే మార్గంలో, ప్రధానంగా ప్రభుత్వ పశుసంవర్థక శాఖల ద్వారా, అదే గమ్యాన్ని ముందే చేరుకొని 2006లో వ్యాధి సంక్రమణ రహిత దేశంగా గుర్తింపు పొందింది.

ఈ విజయం నిజమైనదే. అయితే అది మూల్యాంకనానికి ఒక తప్పుడు సౌలభ్యాన్ని కూడా అలవాటు చేసింది. ముసర వ్యాధికి వైరస్ ఒకటే, టీకా ఒకటే, ఒకసారి ఏర్పడిన రక్షణ దీర్ఘకాలం నిలుస్తుంది, రక్త పరీక్షతో ఫలితం తేలిపోతుంది. కార్యకర్త నిత్యజీవితంలో ఎదుర్కొనే పని అటువంటిది కాదు. కడుపులో పురుగులు, గోమార్లు, గిట్టకుళ్లు, గర్భస్రావాలు, పేరు తెలియని జ్వరాలు, విరిగిన కాలు, ఈనలేకపోతున్న గొర్రె – వీటిలో ఏ ఒక్కదానికీ 83 శాతం వంటి అంకె సిద్ధంగా ఉండదు. అందుచేత మూల్యాంకనం చేసేవారు లెక్కించడానికి వీలైన వాటినే లెక్కించి ఊరుకున్నారు.

ఈ చిక్కును విప్పడానికి తూర్పు ఆఫ్రికాలోనే ఒక ప్రయత్నం జరిగింది. ఆండీ క్యాట్లీ, బెర్హను అద్మాసు తదితరులు అభివృద్ధి చేసిన భాగస్వామ్య ప్రభావ మూల్యాంకన పద్ధతి మన విస్తరణ విద్యార్థులకు పరిచయం కావలసినంతగా కాలేదు. దక్షిణ ఇథియోపియాలోని డోలో అడో, డోలో బే జిల్లాలలో సోమాలీ పశుపోషకుల మధ్య ఈ పద్ధతిలో జరిపిన అధ్యయనం 2005లో ప్రచురితమైంది. అందులోని తర్కం చాలా సరళమైనది. శిక్షణ పొందిన కార్యకర్త కొన్ని వ్యాధులకు మాత్రమే చికిత్స చేయగలడు, మరికొన్ని అతని పరిధిలో లేవు. రెండు రకాల వ్యాధులూ అదే మందలో, అదే వాన, అదే కరవు నడుమ ఉంటాయి. కార్యకర్త చేపట్టిన వ్యాధుల బెడద తగ్గి, చేపట్టని వ్యాధుల బెడద అదే మేరకు తగ్గకపోతే, ఆ తేడాను మంచి వానకో మంచి మేతకో ఆపాదించలేము. వేరే గ్రామంలో పోలిక సమూహాన్ని వెదకనక్కరలేదు. సేవలు నిరాకరించిన మరొక సముదాయాన్ని పోలిక కోసం కూర్చోబెట్టవలసిన నైతిక ఇబ్బంది కూడా తప్పుతుంది. ఆ అధ్యయనంలో కార్యకర్తలు చేపట్టిన వ్యాధులలోనే తగ్గుదల ఎక్కువగా కనిపించింది.

సమాచారం సేకరించే సాధనం గులకరాళ్లు. ఒక్కొక్క వ్యాధికి ఒక్కొక్క గుర్తును నేలమీద ఉంచి, పశుపోషకుల చేతికి రాళ్లు ఇచ్చి, ఏ వ్యాధి వల్ల ఎంత నష్టమో ఆ నిష్పత్తిలో కుప్పలుగా పంచమంటారు. సేవ రాకముందటి స్థితికి ఒకసారి, ప్రస్తుత స్థితికి మరొకసారి పంచుతారు. పది పన్నెండు బృందాలతో వేర్వేరుగా ఇదే పని చేయించి, వారి మధ్య ఏకాభిప్రాయం ఎంత ఉన్నదో కెండాల్ గుణకంతో పరీక్షిస్తారు. అయితే కుప్పలు వేయించడం పనిలో సగమే. “ఈ కుప్పలో రాళ్లు ఎందుకు తగ్గాయి?” అని అడిగినప్పుడు వచ్చే జవాబులలోనే మూల్యాంకనపు సారం ఉంటుంది. కొత్త బోరు వేయడం వల్లనా, పశువులను అమ్మివేసి మంద చిన్నదవడం వల్లనా, మందు వల్లనా అన్నది అక్కడ తేలుతుంది. మన దగ్గర ఈ పద్ధతిని అనుసరించినట్లు చెప్పుకొనే కొన్ని అధ్యయనాలలో కుప్పల లెక్క ఉంటుంది కాని ఈ ప్రశ్న ఉండదు. అప్పుడది ప్రశ్నావళిని రాళ్లతో నింపినట్లే అవుతుంది.

ఈ పద్ధతిపై ఆక్షేపణలు లేకపోలేదు. జ్ఞాపకం మోసగించవచ్చు. మందులు తెచ్చిన సంస్థ మనుషులే ఎదుట కూర్చొని అడిగితే మర్యాద కోసమైనా మంచి మాట చెబుతారు. అన్నిటికన్నా ముఖ్యమైనది వ్యాధుల పేర్ల సమస్య. మన గొర్రెల కాపరులు పారుడు అన్నప్పుడు అది పి.పి.ఆర్. కావచ్చు, పురుగుల వల్ల వచ్చిన విరేచనాలు కావచ్చు, పిల్లలలో కాక్సిడియోసిస్ కావచ్చు. మనం పి.పి.ఆర్.కు పారుడు వ్యాధి అని పేరు స్థిరపరచుకొని, కాపరి నోట ఆ మాట రాగానే అదే అనుకోవడం పొరపాటు. మరొక వైపు చిటుక వ్యాధి విషయంలో కాపరుల పరిశీలన ఆశ్చర్యం కలిగించేటంత నిశితమైనది. తొలకరి పచ్చికపై మేసిన పిల్లలలో బాగా బలిసినవే ముందు పడిపోతాయని వారు చెప్పేది పాఠ్యపుస్తకంలోని వర్ణనకు తీసిపోదు. కనుక ఏ పేరును నమ్మవచ్చు, ఏ పేరుకు శవపరీక్ష, పేడ పరీక్ష, రక్త పరీక్షల తోడు అవసరమన్నది అధ్యయనానికి ముందే నిర్ణయించుకోవాలి. భాగస్వామ్య పద్ధతి ప్రయోగశాలకు ప్రత్యామ్నాయమని దాని రూపకర్తలు చెప్పలేదు. ఆ వాదన తరువాత వచ్చిన ఉత్సాహవంతులది.

ఇక పోలిక దేనితో అన్న ప్రశ్న. సామాజిక కార్యకర్తను పట్టభద్రుడైన పశువైద్యునితో పోల్చి, అతని రోగనిర్ధారణ లోపభూయిష్టమని తేల్చడం మన వృత్తిలో తరచుగా వినిపించే విమర్శ. ఆ పోలికలో కార్యకర్త ఓడిపోవడం సహజమే. కాని ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో, చేను గట్టున గొర్రె పడిపోయినప్పుడు కాపరి ముందున్న ఎంపికలలో పశువైద్యుడు ఉన్నాడా? అతని ముందున్నవి వేరు. దారిలోని మందుల దుకాణం, తన సంచిలోని సిరంజి, తోటి కాపరి సలహా, నాటువైద్యం, లేదా కబేళాకు కొనే వ్యాపారికి ఆ జీవాన్ని అయినకాడికి అమ్మివేయడం. కార్యకర్తను పోల్చవలసింది వీటితోనే. అందుబాటు, సకాలంలో లభ్యత, భరించగలిగే ఖర్చు, ఆమోదం, నాణ్యత అన్న అయిదు ప్రమాణాల ప్రకారం ఈ సేవలన్నిటికీ పశుపోషకుల చేతనే మార్కులు వేయించడం తూర్పు ఆఫ్రికా అధ్యయనాలలో పరిపాటి అయింది. ఆ జాబితాలో మందుల దుకాణాన్ని తప్పక చేర్చాలి. దుకాణదారుడు రోగాన్ని చూడడు, మోతాదు చెప్పడు, చెప్పినా అంచనాగా చెబుతాడు. బరువు అంచనా వేయకుండా తక్కువ మోతాదులో పదే పదే తాగించిన పురుగుల మందుకు పురుగులు లొంగకుండా పోవడం మన దేశపు గొర్రెలలో నమోదైన విషయమే. కార్యకర్త వచ్చాక దుకాణపు యాంటీబయాటిక్ వాడకం తగ్గిందా, పెరిగిందా అన్నది తప్పక కొలవాలి. మందుల అమ్మకంపై లాభం పొందే కార్యకర్త అనవసరమైన ఇంజెక్షన్లు వేయడన్న హామీ ఏమీ లేదు. ఈ సేవలను సమర్థించే వారు ఈ ప్రశ్నను దాటవేయరాదు.

పై అనుభవాలు మన తెలుగు రాష్ట్రాలకు ఎందుకు వర్తిస్తాయో వివరించవలసి ఉంది. 2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలు ఉన్నాయి. దేశంలోని 7.43 కోట్ల గొర్రెలలో ఇది దాదాపు సగం. వీటిలో గణనీయమైన భాగం ఏడాదంతా ఒకే ఊరిలో ఉండదు. ఉమ్మడి మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల మెట్ట గ్రామాల మందలు వానాకాలపు పంటలు కోసిన తరువాత బయలుదేరి, నల్లమల అంచులలోను, మాగాణి ప్రాంతాల వరి కొయ్యకాళ్లపైన నెలల తరబడి మేసి, రైతుల పొలాలలో ఎరువు కోసం రాత్రిళ్లు మంద కట్టి, తొలకరికి తిరిగి వస్తాయి. సంచారంలో ఉన్న కురుమ, గొల్ల కుటుంబాల మనుషులు కొందరు మందతో వెళతారు, ముసలివారు, చదువుకొనే పిల్లలు ఊరిలో ఉంటారు.

మన సేవా వ్యవస్థ ఊరి ప్రాతిపదికపై నిర్మితమైనది. గ్రామీణ పశువైద్యశాల, గోపాలమిత్ర, ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయపు పశుసంవర్థక సహాయకులు, మహిళా సంఘాల నుండి వచ్చిన పశుసఖులు – అందరికీ ఒక నిర్ణీత పరిధి ఉన్నది. గోపాలమిత్రల శిక్షణ ప్రధానంగా కృత్రిమ గర్భధారణ కోసం, అంటే పాడి పశువుల కోసం. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే వాహనాలు కూడా నియోజకవర్గ ప్రాతిపదికన కేటాయించినవే. సంచార పశువైద్యశాల అన్న పేరులోని సంచారం వైద్యశాలది, మందది కాదు. ఆ వాహనాలు మేలు చేయడం లేదని దీని భావం కాదు. పొరుగు జిల్లా చేనులో ఉన్న కాపరి తానున్న చోటి పేరు చెప్పలేక, ఎవరి పరిధిలో ఉన్నాడో తెలియక ఫోన్ చేయని సందర్భాలు ఏ రిజిస్టరులోను నమోదు కావని మాత్రమే. వచ్చిన ఫోన్ల సంఖ్యతో సేవను కొలిచే మూల్యాంకనానికి రాని ఫోన్లు కనిపించవు.

నమూనా ఎంపికలోని దోషం దీనికన్నా సూక్ష్మమైనది. పరిశోధకుడు పల్లెకు వెళ్లి గొర్రెల పెంపకందారుల జాబితా నుండి యాదృచ్ఛికంగా నలభై మందిని ఎంచుకొంటాడు. మంద వలస పోయిన కాలంలో వెళితే ఊరిలో దొరికేవారు వలస పోనివారు, లేదా వలస పోయినవారి తల్లిదండ్రులు. ఖాళీగా ఉన్న పేర్ల స్థానంలో దొరికిన పేర్లను చేర్చుకొంటే, ఏ వర్గానికి సేవ అందడం లేదో సరిగ్గా ఆ వర్గమే నమూనా నుండి జారిపోతుంది. గణాంకశాస్త్రపరంగా నిర్దోషంగా కనిపించే పట్టికలు తయారవుతాయి. సేవ సంతృప్తికరమని తేలుతుంది.

కాలం కూడా ఇటువంటి చిక్కునే తెస్తుంది. జలగ వ్యాధిని ఉదాహరణగా తీసుకొందాం. మాగాణిలో, చెరువు అంచున మేసిన గొర్రెకు సంక్రమణ అక్కడ జరుగుతుంది. దవడ కింద నీరు దిగడం, చిక్కిపోవడం, చావు వారాలు, నెలల తరువాత మరెక్కడో జరుగుతాయి. స్వగ్రామంలో మాత్రమే మరణాలను నమోదు చేస్తే అక్కడి కార్యకర్త విఫలుడైనట్లు కనిపిస్తాడు. మందు తాగించవలసిన సమయం మంద దారిలో ఉన్నప్పుడు. టీకాల విషయమూ అంతే. పి.పి.ఆర్. టీకా ఊరిలో ఏ తేదీన వేశారన్నది రికార్డులో ఉంటుంది, ఆ తేదీన మంద ఊరిలో ఉన్నదా అన్నది ఉండదు. 2030 నాటికి పి.పి.ఆర్.ను ప్రపంచం నుండి నిర్మూలించాలన్న లక్ష్యాన్ని అంతర్జాతీయ సంస్థలు నిర్దేశించుకొన్నాయి. ముసర వ్యాధి చివరికి దాగినది సంచార మందలలోనే. ఈ వ్యాధి కూడా సంచార మందలలోనే దాగవచ్చునని భావించడానికి తగిన కారణం ఉంది. టీకా శాతాన్ని గ్రామాల వారీగా కాక, మందల వారీగా, అది కూడా వలస మందలను వేరుగా చూపుతూ లెక్కించాలని కోరడం అందుకే.

కార్యకర్త ఎంపికకు సంబంధించి ఒక మాట. రిజిస్టరు రాయగలగాలని, ఫోన్ యాప్‌లో వివరాలు నింపగలగాలని మనం చదువుకున్న యువకులను ఎంపిక చేస్తాము. చదువుకున్న యువకుడు సాధారణంగా మంద వెంట వెళ్లడు. ఆఫ్రికా కొమ్ము ప్రాంతంలో చదువురాని వారికి బొమ్మల ద్వారా మోతాదులు నేర్పి, మందతో తిరిగేవారినే కార్యకర్తలుగా చేశారు. కొద్దిపాటి మందుల సంచితో మందలో ఒకడిగా నడిచే మనిషికీ, ఊరిలో మందుల అలమార పెట్టుకొన్న మనిషికీ మధ్య తేడాను మన మూల్యాంకన పత్రాలు అడగనే అడగవు. ‘ఎంపికైన కార్యకర్త గడచిన ఏడాదిలో మందతో ఎన్ని నెలలు గడిపాడు?’ అన్న ఒక్క ప్రశ్న చేర్చినా ఎంతో తెలుస్తుంది.

చట్టం మాట వచ్చినప్పుడు చర్చ వేడెక్కుతుంది. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పశువైద్యం నమోదిత పశువైద్యుల హక్కు. అయితే 30వ విభాగంలోని మినహాయింపు కింద, నిర్ణీత ధ్రువపత్రం గల వ్యక్తులు నమోదిత పశువైద్యుని పర్యవేక్షణలో టీకాలు వేయడం, వృషణాలు నొక్కడం, గాయాలకు కట్టుకట్టడం వంటి ప్రాథమిక సేవలు అందించడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. కొద్ది వారాల శిక్షణ పొందిన కాపరికి ఈ మినహాయింపు వర్తించాలంటే ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. కెన్యాలో 2011 చట్టం ఇటువంటి కార్యకర్తలకు గుర్తింపు ఇవ్వలేదు. అయినా ఉత్తర కెన్యా మైదానాలలో వారు పని మానలేదు. పర్యవేక్షణ లేకుండా, పేరు లేకుండా కొనసాగించారు. నిషేధం వల్ల పోయినది సేవ కాదు, పర్యవేక్షణ. పశువైద్య వృత్తి తన బాధ్యతను కాపాడుకోవాలంటే కార్యకర్తను తిరస్కరించడం కన్నా అతనిపై పర్యవేక్షణకు నియమావళి కోరడం మేలని ఈ వ్యాసకర్త భావన. దానికి అనుగుణంగా మూల్యాంకనంలో కార్యకర్త నైపుణ్యంతో పాటు పశువైద్యుని పర్యవేక్షణను కూడా కొలవాలి. ఏడాదిలో ఎన్నిసార్లు కలిశారు, కార్యకర్త తనకు అంతుపట్టని రోగాన్ని ఎవరికి, ఎంత త్వరగా చేరవేయగలిగాడు, ఆ సమాచారానికి జవాబు వచ్చిందా? జవాబు రాని నివేదికలు మూడు పంపిన తరువాత నాలుగవది ఎవరూ పంపరు.

సేవల మన్నిక విషయం క్లుప్తంగా చెబుతాను. శిక్షణ పొందినవారిలో అయిదేళ్ల తరువాత ఎంతమంది పనిచేస్తున్నారన్నది పథకం ముగిసిన నెలలో చేసే మూల్యాంకనంలో తెలియదు. కరవు వచ్చినప్పుడు ఉచితంగా మందులు పంచే సహాయ కార్యక్రమాలు, అంతవరకు మందులు అమ్మి బ్రతుకుతున్న కార్యకర్తను దెబ్బతీసిన సందర్భాలు ఆఫ్రికాలో అనేకం. అందుకు విరుగుడుగా పశుపోషకులకు కూపన్లు ఇచ్చి, వాటిని కార్యకర్త వద్ద చెల్లించే ఏర్పాటు ఇథియోపియా, కెన్యాలలో చేశారు. మన ఉచిత నట్టల మందు పంపిణీ కార్యక్రమాలను ఈ దృష్టితో ఎవరైనా పరిశీలిస్తే బాగుంటుంది.

మన విశ్వవిద్యాలయాలలో ఇది ఆచరణసాధ్యమేనా? స్నాతకోత్తర విద్యార్థికి క్షేత్ర సమాచార సేకరణకు లభించేది కొద్ది నెలలు, ప్రయాణ భత్యం స్వల్పం. ఒక్కరే ఒక మందను ఏడాదంతా అనుసరించడం సాధ్యం కాదు. కాని ఒకే అంశంపై ఇద్దరు విద్యార్థులు పనిచేయవచ్చు. ఒకరు తొలకరి నుండి ఆశ్వయుజం వరకు స్వగ్రామంలో, మరొకరు పుష్యం నుండి చైత్రం వరకు మంద మేసే మాగాణిలో. స్వగ్రామంలో ముప్పై మందలను గుర్తించి, కాపరుల ఫోన్ నంబర్లు తీసుకొని, ప్రతి పక్షానికి ఒకసారి మంద ఎక్కడున్నది, ఎన్ని చనిపోయాయి, ఎవరు చికిత్స చేశారు అని అడిగి రాసుకోవడానికి పెద్ద వ్యయం కాదు. రెండవ విద్యార్థి ఆ మందలనే మాగాణిలో కలిసి, ఫోన్‌లో చెప్పినదానిని సరిచూసి, చనిపోయిన వాటిలో కొన్నింటికైనా శవపరీక్ష జరిపించవచ్చు. విస్తరణ విభాగం, పరాన్నజీవ విభాగం కలిసి ఒక మార్గదర్శక సంఘాన్ని ఏర్పరిస్తే చాలు. నమూనా జాబితా తయారు చేసేటప్పుడు మాత్రం ఊరిలో దొరకని పేరును కొట్టివేయకుండా, దాని ఎదుట మంద వెళ్లిన ఊరి పేరు రాయాలి.